శత్రువు వేషం అడిగిన నాయక్ గారు

కార్గిల్ పోరు ముగిసిన ఏడు, డిసెంబరులో, తణుకు అవతల కోతలైన వరిచేలో దిగాం. ఉదయం ఆరు. మంచులో ఎదుటి గట్టు కనబడటం లేదు. పదకొండుమందిమి, అందరం మాజీ సైనికులమే. డెబ్బై ఒకటి యుద్ధంలో మనవాళ్ళు ఒక బంకరు పట్టుకున్న ఘట్టం జనానికి ఆడి చూపించాలి. రొయ్యల మేత సంచుల్లో ఇసక నింపి బంకరు కట్టాం. తుపాకులు సరుగుడు కర్రతో చేసినవి. కమాండు నాది.

మాలో ఆ యుద్ధం చేసినవారు ఒక్కరే, ముసలి నాయక్ గారు. ఆ పిలుపు ఆయన సైన్యంలోని ర్యాంకుదే. ఆయన బంకరు ముందు కాపలా కాసే శత్రువు సెంట్రీ వేషం అడిగారు. నాకు అనుమానం వచ్చింది. గెలిచినవాడికి ఆ వేషమెందుకు? నా సర్వీసంతా స్టోర్సులోనే గడిచింది. ఊళ్ళో ఆ సంగతి చెప్పలేదు. అందుకే యుద్ధం చూశామన్న ఎవరినీ నమ్మేవాణ్ణి కాదు.

"మీరు నిజంగా ముందు వరసలో ఉన్నారాండి?" అందరి ముందూ అడిగాను.

"ఉన్నానండి."

"మరి ఈ వేషం ఏంటి?"

"పొట్ట పెరిగింది కదండీ. పరిగెత్తలేను."

"చచ్చేవారికి ముందు టిఫిను పెట్టించండి గురువుగారూ," అన్నాడు మా ట్రాక్టరు తోలే డ్రైవరు. సెంట్రీని కాల్చాల్సింది అతనే.

"విజిల్ వెయ్యగానే చేతులెత్తి పరిగెత్తండి. రెండడుగులు చాలు. జనం నవ్వాలి. ఇది ఆర్డరు," అన్నాను.

నాయక్ గారు వెళ్ళి బంకరు ముందు కూర్చున్నారు.

సాయంత్రం నాలుగు. గట్ల మీద జనం. విజిల్ వేశాను. ఆయన కదల్లేదు. ఒక బూటు విప్పి, తలకిందులు చేసి, లోపలి నీళ్ళు వంపుతున్నట్టు దులుపుతున్నారు. తలెత్తి మమ్మల్ని చూశారు. తుపాకీ అందుకోలేదు. ఖాళీ చెయ్యి మా వైపు చాపారు.

డ్రైవరు ఆగిపోయాడు.

"కాల్చవయ్యా," అన్నాను.

"ఆగమంటున్నారండి."

అతని కర్ర తుపాకీ లాక్కుని నేనే గురిపెట్టాను. తుపాకీ చప్పుడు కోసం పెట్టిన టపాకాయ పేలింది. నాయక్ గారు బూటుతో సహా పక్కకి ఒరిగారు. జనం ఈలలు వేశారు. నేను సెల్యూట్ చేశాను.

ట్రాక్టరులో తిరిగి వస్తూ నిలదీశాను. "ఆర్డరు ఎందుకు తప్పారండి?"

"డెబ్బై ఒకటిలో ఆ బంకరు సెంట్రీ ఆ రోజు అలాగే చెయ్యి చాపాడండి. నేను ఆగలేదు," అన్నారు. "ఇంకొకరైతే ఆగుతారేమో చూద్దామని వేషం కట్టానండి. మీ డ్రైవరు ఆగాడు."

నా గురించి ఏమీ అనలేదు. తణుకులో దిగి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు.

నేను మళ్ళీ ఏ ప్రదర్శనకీ పోలేదు. ఆ చెయ్యి మాత్రం ఇప్పటికీ నా ఎదుటే ఉంది. మట్టి అంటిన అరచెయ్యి, అయిదు వేళ్ళూ విప్పి, ఒక్క నిమిషం అడుగుతూ.