నా పళ్ళు, వాడి మందు

నవ్వొస్తే నా చెయ్యి దానంతటదే నోటికి అడ్డం వెళ్తుంది. చూసినవాళ్ళు సిగ్గనుకుంటారు. సిగ్గూ లేదు, పాడూ లేదు. నా ముందు పళ్ళు మట్టిరంగులో చారలు చారలుగా ఉంటాయి. చిన్నప్పుడు నాకు దగ్గొచ్చినా, రొంప పట్టినా మా అమ్మ మందులకొట్టు నుంచి గొట్టం బిళ్ళ తెచ్చి, విప్పి, సగం పొడి తేనెలో రంగరించి నాకించేది. అది టెట్రాసైక్లిన్ అనీ, ఎదిగే పళ్ళకి రంగు పట్టేస్తుందనీ, ఎనిమిదేళ్ళలోపు పిల్లలకి వెయ్యకూడదనీ నా పెళ్ళయ్యాక పళ్ళ డాక్టరు చెప్పాడు. అప్పుడు తెలిసి ఏం లాభం?

మిరపకోతలప్పుడు మా నాలుగేళ్ళవాడికి జ్వరం పట్టుకుంది. మా ఆయన కల్లంలో కాయలకి కాపలా. నేను పగలు కూలీలతో చేలో, సాయంత్రం వీణ్ణి చంకనేసుకుని ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర. పురుగు చావకపోతే మందు మార్చి కొడతాం చూడండి, అలా ఆయన వచ్చినప్పుడల్లా సిరప్పు మార్చాడు. వాడి ఒళ్ళు కాలుతూనే ఉంది. మొలతాడు కింద నల్లగా చెక్కు కట్టిన చిన్న పుండు కనిపిస్తే, తాడు ఒరుసుకుందని, మా దగ్గరే ఉంటున్న అమ్మ దాన్ని కాస్త వదులు చేసి పసుపు అద్దింది. మా ఇళ్ళల్లో పిల్లలకి అది మామూలే. రోజూ అద్దుతూనే ఉంది.

ఒకనాడు పొద్దున వాడు తల నిలపలేకపోయాడు. నేనూ అమ్మా పర్చూరులో కారు మాట్లాడుకుని గుంటూరు తీసుకెళ్ళాం. పిల్లల డాక్టరమ్మ వాడి బట్టలు విప్పించి, పసుపు తుడిచి, ఆ పుండు చూసి, ఎక్కడ ఆడుకుంటాడని అడిగింది. కల్లం పక్క గడ్డిలో గోతం పరిచి పడుకోబెడతానని చెప్పాను. గడ్డిలో ఉండే, కంటికి కనపడని నల్లిలాంటి పురుగు కుడితే వచ్చే జ్వరమట, స్క్రబ్ టైఫస్. రక్తం తీయించింది గానీ రిపోర్టు కోసం ఆగకుండానే మందు రాసింది. చీటీలో పేరు చదివాను. డాక్సీసైక్లిన్.

వీడికి నాలుగేళ్ళేనండి, నాకు చిన్నప్పుడు రొంపకి ఇలాంటిదే వేస్తే ఇలా అయ్యాయి అని, చెయ్యి తీసేసి నా పళ్ళు చూపించాను. బయటి మనిషికి నా అంతట నేను నోరు తెరిచి చూపించడం అదే మొదలు.

ఆవిడ విసుక్కోలేదు. ఇది అదే జాతి మందైనా పళ్ళకి అంతగా పట్టదనీ, కొద్ది రోజులే వేస్తాం కాబట్టి భయం లేదనీ, వెయ్యకపోతే జ్వరం ఊపిరితిత్తులకీ మెదడుకీ ఎక్కుతుందనీ చెప్పింది. అప్పటికీ నేను కదల్లేదు.

"మీకప్పుడు అక్కర్లేకుండా వేశారమ్మా. వీడికి అక్కర" అంది.

నర్సు బిళ్ళ నీళ్ళలో కరిగించి ఇచ్చింది. నువ్వు పట్టు అని అమ్మ ముందు పెట్టాను. కోపంతోనే పెట్టాను, దాచుకోవడం దేనికి. అమ్మ వెనక్కి జరిగింది.

"నా చేత్తో వద్దే. ఆ పాపం మళ్ళీ నాతో చేయించకు."

ఇక నేనే పట్టాను. మర్నాడు సాయంత్రానికి వాడి ఒళ్ళు చల్లబడింది, అన్నం అడిగాడు. ఇంటికొచ్చాక నాకు మంచం దిగబుద్ధి కాలేదు, కోతలేమో ఆగవు. దానికి తోడు పక్కింటావిడ వచ్చి ఆ బిళ్ళ పేరు చెప్పమంది, మనవడికి జలుబట. డాక్టరుకి చూపించండి అంటే మూతి ముడుచుకుని పోయింది. ఎంతమందికని చెప్పను?

జ్వరం తగ్గినా నా భయం తగ్గలేదు. పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చేదాకా తెలియదు కదా. వాడికి ఆరేళ్ళు నిండాక కింది పన్ను ఊడింది. చిగుట్లోంచి కొత్తది తొంగిచూసిన రోజు వాకిట్లో ఎండలో నిలబెట్టి నోరు తెరిపించాను. అమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయి, ఎలా ఉందే అని అడిగింది. తెల్లగానే ఉందమ్మా అన్నాను.

అప్పుడు దగ్గరికొచ్చింది. వంగి వాడి పన్ను చూసింది, చాలాసేపు చూసింది. తర్వాత నా గడ్డం పట్టుకుని, "నీవీ ఇలాగే రావాల్సినవే" అంది.