మైనస్ ఐ పెట్టినావా?

"అక్కా, నాయన లేడక్కా" అని పోయిన నెల మదనపల్లె నుంచి సార్ కూతురు ఫోన్ చేసింది. కాఫీ తాగి పేపరు పట్టుకుని కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయారంట. ఏడుస్తూనే ఇంకో మాట చెప్పింది. "కర్మాంతరం నాడు పెట్టేదానికి నాయనది సరైన ఫొటో ఒక్కటీ లేదక్కా. షాపు పాత డిస్కు పంపిస్తాండా. అది ఎప్పుడు పోతాదో తెలీదు. నువ్వే సూడల్ల."

నాకు ఏడుపు కంటే ముందు భయం వచ్చింది.

పుంగనూరులో సార్ ఫొటో స్టూడియోలో నేను పదకొండేళ్లు పనిచేశాను. ఎందరి పెళ్లిళ్లో తీసిన మనిషి, తను మాత్రం ఎప్పుడూ కెమెరా వెనకే. అందరూ మౌసుతో ఫొటోలు లాగి పడేస్తుంటే, ఆయన నల్ల తెర తెరిచి కమాండ్లు కొట్టి కంప్యూటర్‌లోకి ఎక్కించేవారు. ఎంటర్ నొక్కే ముందు తెరమీద వేలుపెట్టి, ఒకటో తరగతి పిల్లాడిలా పైకి చదివేవారు. "యాడనించి... యాడికి..." వచ్చినవాళ్లు నవ్వేవారు. నేనూ చాటుగా నవ్వేదాన్ని.

చేరిన కొత్తలో కుప్పంలో ఒక పెళ్లికి పోయాం. మండపం మీద సార్, ఆడవాళ్ల వైపు నేను. రెండూ ఒకే రకం కెమెరాలు, రెండింట్లోనూ ఫొటోల పేర్లు ఒకటో నంబరు నుంచే మొదలయ్యాయి. మర్నాడు ముందు సార్ కార్డు ఎక్కించి, ఖాళీ చేసి ఇచ్చాను. ఆయన అది పట్టుకుని సోమలలో చెవులు కుట్టే ఫంక్షన్‌కు వెళ్లారు. తర్వాత నా కార్డు. కాపీ చేయడానికి సీపీ, ఉన్నచోటు నుంచి తరలించడానికి ఎంవీ. పని తొందరగా అవుతుందని ఎంవీయే కొట్టాను, అదీ అదే ఫోల్డర్‌లోకి. వెనక మైనస్ ఐ అని చేర్చి ఉంటే, "ఈ పేరుతో ఇప్పటికే ఒకటుంది, దానిమీద రాయమంటావా" అని అడిగేది. నేను చేర్చలేదు, అది అడగలేదు. సార్ తీసిన ఫొటోలన్నింటి మీదా నావి కూర్చున్నాయి. తాళి, తలంబ్రాలు, అన్నీ పోయాయి. కార్డులోంచైనా వెనక్కి తీద్దామంటే, సోమల నుంచి వచ్చిన ఆ కార్డు నిండా చెవులే.

జరిగింది జరిగినట్టు సార్‌కు చెప్పాను. ఆయన ఆ కార్డు తీసి పక్కన పెట్టారు. తర్వాత, "రేపు కుప్పం పోదామ్మా" అన్నారు.

బస్సులో సార్, "మాట్లాడేది నేను. నువ్వు పక్కన నిలబడు సాలు" అన్నారు. ఆ ఇంట్లో, "తప్పు మా షాపుదప్పా" అన్నారే గానీ, నా వైపు కన్నెత్తి కూడా చూడలేదు. పెళ్లికూతురు తండ్రి తలెత్తలేదు. చివరికి తల్లే, "తాళి కట్టేది నా కండ్లతో సూసినాలేప్పా" అని మజ్జిగ తెచ్చింది.

తిరుగు బస్సులో ఆయన అన్నదల్లా ఇదే. "కొత్త కుండలో నీళ్లు నిలుస్తాయో లేదో సూడకుండా పాత కుండ పగలగొట్టొద్దు. ముందు సీపీ కొట్టు. అన్నీ వచ్చినాయా సూసుకో. తుడిసేది ఆ తర్వాత."

ఇక రోజూ అదే పాట. ఏ మూల ఉన్నా, "మైనస్ ఐ పెట్టినావా?" అని కేక. విని విని విసుగొచ్చేది. ఇప్పుడు ఆ కేక కోసం చెవులు కోసుకుంటాను.

డిస్కు వచ్చింది. తగిలిస్తే లోపల టక్ టక్ అని కొట్టుకుంటోంది. ఇంకెన్నిసార్లు తిరుగుతుందో తెలియదు. సీపీ కొట్టాను, మైనస్ ఐ పెట్టాను. తెరమీద వేలుపెట్టి, "యాడనించి... యాడికి..." అని చదివాను. "ఎవురితో మాట్లాడతాండావు?" అని వంటింట్లోంచి మా ఆయన.

కుప్పం ఫోల్డరు వచ్చేసింది. టక్ టక్ ఎక్కువైంది. అది ఆగిపోయేలోగా ఇంకో ఫోల్డరు లాగుదామని గబగబా కొట్టాను. తెర ఆగింది. ఈ పేరుతో ఇప్పటికే ఒకటుంది, దానిమీద రాయమంటావా?

రెండోదాన్నీ కుప్పం ఫోల్డర్‌లోకే పంపుతున్నాను. ఇన్నేళ్ల తర్వాత, మళ్లీ అదే తప్పు. వద్దని ఎన్ కొట్టి, అంతా ఆపేసి, దేనిమీద రాయబోయానో తెరిచి చూశాను.

ఆ రోజు ఆడవాళ్ల మధ్య నుంచి నేను తీసిన ఫొటో. తాళి కట్టే సమయం. పెళ్లికొడుకు చేతులు కనిపించవు, సార్ భుజం అడ్డం. పనికిరాదని అప్పట్లో నేను పక్కన పడేసింది.

డిస్కు ఇంకా నా బల్లమీదే ఉంది. పారేయమంది సార్ కూతురు, నేను పారేయలేదు. కర్మాంతరం నాడు ఆ ఫొటోకే దండ వేశారు. అందులో సార్ కెమెరా చెంపకు ఆనించుకుని, ఒక కన్ను ఇంకా మూసే ఉంచి, నా వైపు తిరిగి, నువ్వూ తియ్యి, నువ్వూ తియ్యి అని ఎడమ చేత్తో సైగ చేస్తున్నారు.