ముప్పై థౌ, అర నూలు

1983 మార్చిలో నన్ను భద్రాచలంలోని ప్రభుత్వ వాహనాల వర్క్‌షాపుకు ఫోర్‌మన్‌గా వేశారు. మా తాతగారికి సొంత కారు ఉండేది. నాకు కార్ల కింద పడుకునే ఉద్యోగం వచ్చింది. దానికి నేనెన్నడూ సిగ్గుపడలేదు. సిగ్గుపడిన చోటు వేరే ఉంది.

అడవి గ్రామాలకు తిరిగే మెడికల్ జీపు ఒకటి మా అజమాయిషీలో ఉండేది. పాత పెట్రోలు ఇంజను. రోగిని ఎక్కించుకుంటే గుట్ట ఎక్కలేకపోయేది. కొత్త ఇంజనుకు మంజూరు దొరకలేదు. తక్కువ ఖర్చులో బలం పెంచే దారి ఒకటుంది. సిలిండర్ల మీద మూతలా కూర్చునే హెడ్‌ను అడుగున కొద్దిగా చెక్కిస్తే పిస్టన్ పైన ఖాళీ తగ్గుతుంది. పెట్రోలు ఆవిరి మరింత గట్టిగా నొక్కుకుని మండుతుంది, లాగుడు పెరుగుతుంది. ముప్పై థౌ చాలని లెక్క వేశాను. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. బాగా మించితే పెట్రోలు వేళకు ముందే అంటుకుని పిస్టన్‌ను బాదుతుంది. దాన్ని నాకింగ్ అంటాం. అలాగే నడిపితే పిస్టన్‌కు చిల్లు పడుతుంది.

ఆ పని చేసే లేత్ షాపు ఖమ్మంలో ఉంది. యజమాని ముత్తయ్య తండ్రి ఒకప్పుడు మా ఇంట్లో పాలేరు. అతని గుమ్మంలో నిలబడి పని అడగడం నాకిష్టం లేకపోయింది. హెడ్‌ను గోనెసంచిలో చుట్టి డ్రైవర్ యాకూబ్‌ను బస్సులో పంపాను. కొలత నోటితో చెప్పాను. పంపే ముందు హెడ్ ఎత్తు రాసుకోలేదు కనుక, తిరిగి వచ్చాక ఎంత చెక్కారో తేల్చే ఆధారం లేదు. అయినా బిగించాను. ఆవరణలో జీపు ముందెన్నడూ లేనంత చురుగ్గా ఉరికింది.

మర్నాడు మధ్యాహ్నం, తునికాకు కోస్తున్న ఒకామెను పాము కరిచిందని కబురొచ్చింది. ట్రయల్ చూసినట్టూ ఉంటుందని నేనూ ఎక్కాను. పోయేటప్పుడు ఖాళీ బండి, దిగుడు దారి. ఏమీ తెలియలేదు. ఆమెనూ భర్త సోమయ్యనూ ఎక్కించుకుంటూ యాకూబ్, "ఫికరు చెయ్యకు. ఫోర్‌మన్ సారు బండికి కొత్త బలం పెట్టిండు, జల్దీ పోతం" అన్నాడు.

గుట్ట ఎక్కుతుంటే మొదలైంది. ఇంజనులో గుప్పెడు మేకులు పోసి ఆడించినట్టు చప్పుడు.

"ఏంది సారూ, బండి పండ్లు కొరుకుతున్నది?" అన్నాడు సోమయ్య.

యాకూబ్ నా వైపు వంగి మెల్లగా అడిగాడు. "చిల్లు పడ్తదా సార్?"

"నడుపు" అన్నాను. అక్కడ పిస్టన్ పోతే ఇంకో బండి వచ్చే దారి లేదు. వెనక్కి చూశాను. ఆమె రెప్పలు వాలిపోతున్నాయి. విషం పైకి ఎక్కుతోంది. చప్పుడు పెరిగినప్పుడల్లా ఆ రెప్పలు మళ్ళీ తెరుచుకుంటాయో లేదోనని చూశాను.

చివరికి బండి ఆపించాను. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ బోల్టు వదులు చేసి, ప్లగ్గులో నిప్పు ఆలస్యంగా పడేలా వెనక్కి తిప్పాను. చప్పుడు తగ్గింది. దానితో పాటు బలమూ పోయింది. మిగిలిన ఎక్కుడంతా యాకూబ్ నడుపుతుంటే నేనూ సోమయ్యా వెనక నుంచి భుజాలు ఆనించి నెట్టాం.

"కొత్త బలమన్నరు గద సారూ," అన్నాడు సోమయ్య రొప్పుతూ. "గిదేనా?"

నేను భుజం మార్చి మళ్ళీ నెట్టాను. దవాఖానాకు చేరేసరికి ఆమెకు శ్వాస అందడం లేదు. బతికింది. ఇంకాస్త ఆలస్యమైతే తన చేతిలో ఉండేది కాదని డాక్టరు అన్నాడు.

మర్నాడు హెడ్ విప్పి, నేనే ఖమ్మం బస్సెక్కాను. ముత్తయ్య నన్ను చూసి లేచి స్టూలు జరిపాడు. "కూసోండ్రి దొరా."

నిలబడే ఎంత చెక్కావని అడిగాను.

"మీ డ్రైవరు ముప్పై థౌ అన్నడు. థౌలు గీవులు మాకు తెల్వయి, నూలు లెక్కల చెప్పమన్న. అర నూలు గావచ్చన్నడు."

నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. అర నూలు అరవై రెండు థౌలు దాటుతుంది. నేను చెప్పినదానికి రెట్టింపు.

"ఎక్కువనిపించలేదా?"

"అవ్, అనిపించింది. మీరేమో రాకపోతిరి. దొర చెప్పిందాన్కి ఎదురడుగుడేందని ఊకున్న."

చెక్కిన ఇనుమును తిరిగి పెట్టలేం కనుక, హెడ్‌కూ సిలిండర్లకూ మధ్య వేసే పలుచని రేకు, గాస్కెట్‌ను, ఒకటికి రెండు వేసి ఖాళీ పెంచాను. జీపు మరి కొన్నేళ్ళు నడిచింది. రిటైరయ్యేదాకా ఏ హెడ్‌నైనా ఎత్తు కొలిచి రిజిస్టరులో రాశాకే చెక్కించాను, లేత్ తిరుగుతున్నంతసేపూ పక్కనే ఉన్నాను. ముత్తయ్య జరిపిన స్టూలు మీద కూర్చోవడానికి మాత్రం నాకు ఇంకో రెండేళ్ళు పట్టింది.