శౌరయ్యగారి జవాబు కార్డు

ఏ వేసవికి ఏ కొండ ఎక్కాలో తేల్చే అధికారం మా ముగ్గురిలో గేజీ శౌరయ్యగారిది. ఇది నాకు చాలాకాలం మింగుడుపడలేదు. నేను హైస్కూల్లో జాగ్రఫీ మాస్టర్ని. ఇంట్లో రెండు అట్లాసులున్నాయి. ఆయనకి ఇంగ్లీషు ముక్క రాదు. అయినా మార్చి నెల వచ్చేసరికి నేనూ, బెజవాడ వన్ టౌన్‌లో బట్టల కొట్టు గుమాస్తా రత్తయ్యా గుణదలలో ఆయన అరుగు మీద బుద్ధిగా కూర్చునేవాళ్ళం.

శౌరయ్యగారి ఉద్యోగం ఏలూరు కాలువ మీద నీటిమట్టం చూడటం. గట్టు వారన నిలబెట్టిన గేజీ పలక దగ్గరికి రోజుకి మూడుసార్లు వెళ్ళి, నీళ్ళు ఏ గీత దాకా ఉన్నాయో చూసి పుస్తకంలో రాయాలి. ఇందులో గొప్పేముంది, కళ్ళున్న ఎవడైనా చేస్తాడు అనుకునేవాణ్ణి. ఒకరోజు వర్షంలో ఆయన పని చూశాను. గీత చూశారు. తల పక్కకి తిప్పుకుని నూరు లెక్కపెట్టారు. మళ్ళీ చూశారు. రెండూ ఒకటైతేనే రాశారు. గొడుగు వెనక్కి తిరగబడి నెత్తిన నీళ్ళు కారుతున్నా ఆ నూరులో ఒక్కటి తగ్గించలేదు. నాకైతే పదికే ఓపిక పోయేది.

ఏప్రిల్లో కాలువలు కట్టేస్తే చూడ్డానికి నీళ్ళుండవు. అప్పుడు ఆయన సెలవు పెట్టేవారు. నాకెలాగూ బడి ఉండదు. రత్తయ్య షావుకారుని బతిమాలుకుని వచ్చేవాడు. బయల్దేరడానికి రెండు నెలల ముందునుంచీ శౌరయ్యగారు రోజూ తెల్లవారుజామున ఇసక మూట భుజాన వేసుకుని గుణదల మేరీమాత కొండెక్కేవారు. ఇదేం మొక్కోనని భక్తులు పక్కకి తప్పుకుని దారిచ్చేవారు. ఆయన వాళ్ళకి దణ్ణం పెట్టి పైకి సాగిపోయేవారు.

డెబ్బయ్యారు మార్చిలో ఆయన తన కోరిక బయటపెట్టారు.

“ఈసారి నీళ్ళు లేని చోటికి పోదామండీ మాస్టారూ. ముప్ఫై ఏళ్ళబట్టి పొద్దున లేస్తే నీళ్ళ మొహమే. కనుచూపు మేర నీటిచుక్క లేని నేల మీద ఒక్కసారి నిలబడాలని ఉంది.”

రత్తయ్య వెంటనే రాజస్థాన్ అన్నాడు. ఇసక దిబ్బలు, ఒంటెలు, వాటి మెడలో గంటలు.

“మే నెల్లోనా? ఇక్కడి ఎండ నీకు చాల్లేదా రత్తయ్యా?” అన్నారు శౌరయ్యగారు.

నేను అట్లాసు విప్పాను. ఇలాంటి క్షణం కోసమే కదా కొన్నది! కులూ లోయ మీదుగా పైకి పోయి, మంచు కనుమ ఒకటి దాటితే లాహుల్ వస్తుంది. వాన మబ్బులు ఆ కొండలు దాటి పోలేవు. అందుకని అవతలంతా ఎడారి. కొండకి కొండ, ఎడారికి ఎడారి, పైగా చల్లదనం. ఆయన ముఖం వెలిగిపోయింది. వేలు పెట్టి ఆ గోధుమరంగు మచ్చని తడిమి చూశారు.

“ఈ నీలం గీత ఏంటండీ?”

“వాగు. కనుమ దిగాక దాటాలి.”

“ఎంత లోతు?”

అట్లాసులో లోతులుండవు. అదే ఆయనకి అట్లాసులంటే గురి లేకపోవడానికి కారణం. ప్రతి ఏడూ చేసే పనే మళ్ళీ చేశారు. కనుమకి ఇవతల చివరి పోస్టాఫీసులో పోస్టుమాస్టరుకి, తిరుగు జవాబుకి ఖాళీ కార్డు జతగా ఉండే జవాబు కార్డు రాయమన్నారు. ఆయన చెబుతుంటే నేను ఇంగ్లీషులో రాశాను. వాగు ఏ నెలలో ఎంత లోతు, అడుగున ఇసకా రాళ్ళా, ఎంతమంది దాటుతుంటారు, అన్నీ ప్రశ్నలే. అంతకు ముందు రెండేళ్ళూ నేను చెప్పిన చోట్లని ఇలా వచ్చిన జవాబులు చూసే కొట్టేశారు. అది నా మనసులో ఉంది. పైగా ఈసారి లాహుల్ పోతున్నామని స్టాఫ్‌రూములో అందరికీ చెప్పేసుకున్నాను.

నెల తిరక్కుండా జవాబు వచ్చింది. ఉత్తరాలు నా పేరునే వచ్చేవి. చక్కని దస్తూరీ. జూన్ మొదట్లో కనుమ తెరుచుకుంటుంది, వాగు మూడు పాయలు, మోకాటి లోతు, అడుగున గులకరాళ్ళు. చివర ఒక వాక్యం: పొద్దున తొమ్మిదిలోపు దాటండి, మధ్యాహ్నం దాటవద్దు, కంచరగాడిద కూడా నిలవలేదు.

ఆ వాక్యం నాకు అర్థం లేనిదిగా తోచింది. వాన కురిస్తే నీళ్ళు పెరుగుతాయి, లేదా పైన ఎవరో లాకు తలుపులెత్తితే పెరుగుతాయి. డెల్టాలో పుట్టినవాడికి మూడో దారి తెలీదు. వానే లేని దేశంలో, లాకులు లేని వాగులో మధ్యాహ్నం నీళ్ళెక్కణ్ణించి వస్తాయి? పోస్టుమాస్టరు ఏదో పొరబడ్డాడనుకున్నాను. ఈ ముక్క వింటే శౌరయ్యగారు లాహుల్ని కూడా కొట్టేస్తారన్నది అసలు భయం. అరుగు మీద కూర్చుని చదువుతూ మోకాటి లోతు దగ్గర ఆపేశాను.

“అంతేనాండీ?” అన్నారు.

“అంతే,” అన్నాను.

వేసవిలో మంచు కరిగి జీవనదులు పారునని పదిహేనేళ్ళుగా పిల్లల చేత బట్టీ పట్టించినవాణ్ణి నేనే. ఎండ ఎక్కేకొద్దీ మంచు కరుగుతుందని, ఆ నీళ్ళు మధ్యాహ్నానికి వాగులోకి దిగుతాయని ఒక్కనాడూ ఆలోచించిన పాపాన పోలేదు.

జూన్‌లో వెళ్ళాం. కనుమ మీది మంచులో రత్తయ్య రెండుసార్లు జారిపడి, రెండుసార్లూ నన్నే పట్టుకున్నాడు. మేం దిగి వాగు దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. అవతల శౌరయ్యగారు కోరుకున్న నేల. గడ్డిపోచ లేదు, కాల్చిన ఇటుక రంగు కొండలు ఆకాశం దాకా ఉన్నాయి. ఆయన సంచీ దించకుండా అలాగే నిలబడి చూశారు. నేను బూట్లు విప్పి మెడలో వేసుకుని, ప్యాంటు మడిచాను. నీళ్ళు నిజంగానే మోకాటి లోతే.

శౌరయ్యగారు చేతికర్ర మీద చాకుతో గాట్లు పెట్టి నీటి అంచున గుచ్చారు. తల తిప్పుకుని లెక్కపెట్టడం మొదలుపెట్టారు. నాకు ఒళ్ళు మండింది.

“మీ గేజీ ఇక్కడ కూడానా! పది అంగల వాగండీ!”

ఆయన నూరూ పూర్తిచేసి చూశారు. మళ్ళీ లెక్కపెట్టి మళ్ళీ చూశారు.

“పెరుగుతోందండీ.”

“వాన లేదు గదా?” అన్నాడు రత్తయ్య.

“లేదు. పైన లాకులూ లేవు. ఎందుకో నాకు తెలీదు. పెరుగుతోందన్నది మాత్రం నిజం. దాటొద్దు.”

ఒడ్డునే కూర్చున్నాం. మూడు పాయల మధ్యా రెండు రాళ్ళ దిబ్బలున్నాయి. మేం దిగి ఉంటే బరువులతో మొదటి రెండు పాయలూ దాటి, మూడోది లోతై, వెనక్కీ రాలేక దిబ్బ మీద చిక్కుకునేవాళ్ళం. నాలుగింటికి ఆ దిబ్బలు లేవు. నీళ్ళ అడుగున బండరాళ్ళు దొర్లుతున్న చప్పుడు కడుపులో వినిపించింది. రత్తయ్య చెంపలు వేసుకున్నాడు.

నేనిక దాచలేకపోయాను. కార్డు సంచీలోంచి తీసి, విషయమంతా చెప్పేశాను. అప్పుడు నా మీద నాకు కలిగినంత అసహ్యం ఇంకెప్పుడూ కలగలేదు. శౌరయ్యగారు కోప్పడితే బాగుండుననిపించింది.

“ఆ ముక్క చదవండి,” అన్నారు. చదివాను.

“ఆయన సరిగ్గానే చెప్పాడు,” అని లేచి వెళ్ళి, కర్ర మీద ఇంకో గాటు పెట్టొచ్చారు.

తెల్లారేసరికి వాగు మళ్ళీ మోకాటి లోతుకి దిగింది. దాటాం. కానీ అవతల ఒక రోజంతా ఉండాలన్న ఏర్పాటు పోయింది. కాలువలకి నీళ్ళు వదిలే రోజుకి ఆయన గేజీ దగ్గరుండాలంటే ఆ రోజే తిరిగి బయల్దేరాలి, పైగా మళ్ళీ తొమ్మిదిలోపే వెనక్కి దాటాలి. ఆయనకి మిగిలింది మూడు గంటలు. ఆ మూడు గంటలూ ఒక్కరే ఆ ఎండు నేల మీద నడిచారు. ఓ చోట కూర్చుని దుమ్ము చేతిలోకి తీసుకుని వేళ్ళ మధ్యనించి వదిలారు. తిరిగొచ్చాక, తృప్తిగా ఉందాండీ అని భయం భయంగా అడిగాను.

“ఉందండీ. ఇంకో రోజుంటే బాగుండేది,” అన్నారు. నన్ను ఊరడించడానికి కూడా అబద్ధమాడని మనిషి.

తర్వాత బెజవాడలో ఆయన ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. రత్తయ్య నోరు కూడా ఆయనే కట్టేశారని తెలిసింది. అయినా నేను అటు వెళ్ళడానికి ముఖం చెల్లక గుణదల వైపు పోవడం మానేశాను. చర్చిలో ఉన్న ఫాదరుగారికి ఇంగ్లీషు బాగా వచ్చు. ఇకమీద కార్డులు ఆయన చేతే చదివించుకుంటారు, న్యాయం కూడా అదే అనుకున్నాను. ఆ తలపు మాత్రం రాత్రీ పగలూ గుచ్చుతూనే ఉంది.

మళ్ళీ ఏడు మార్చి నెలలో ఓ ఆదివారం శౌరయ్యగారు సైకిలు మీద మా ఇంటికి వచ్చారు. అంతకుముందెప్పుడూ రాలేదు. మా ఆవిడిచ్చిన మజ్జిగ తాగి, జేబులోంచి కార్డు తీశారు.

“ఈసారి గఢ్వాల్ వైపు రాయించానండీ. మీరు కనబడకపోతే ఫాదరుగారు రాసిపెట్టారు.”

“అయితే ఆయనే చదివి చెప్పి ఉంటారుగా?”

“చదువుతానన్నారండీ. వద్దన్నాను. మాతో కొండెక్కేది మీరు గదా, మీరే చదవాలి,” అని కార్డు నా చేతిలో పెట్టారు.

చదవడం మొదలుపెట్టాను. అక్షరాలు అలుక్కుపోయి మొదటి వాక్యం దగ్గరే తడబడ్డాను. ఆయన తొందరపెట్టలేదు.