పెద్దమ్మ కుడి కాలు

మా పెద్దమ్మ పోయింది. పొద్దున్నే కోరుట్ల నుంచి ఆమె కూతురు ఫోన్ చేసి, "అమ్మ లేస్తలేదన్నా" అంది. ఆ మాట తలకెక్కడానికి నాకు కొంత సేపు పట్టింది.

డిగ్రీ చదివే రోజుల్లో నేను వాళ్లింట్లోనే ఉన్నాను. పెద్దనాయన దుబాయిలో ఉండేవాడు, ఇంట్లో పెద్దమ్మ, బడికి పోయే చెల్లె, నేనే. పెద్దమ్మ చాట ఒళ్లో పెట్టుకుని పొద్దంతా బీడీలు చుట్టేది. చేయీ ఆగేది కాదు, నోరూ ఆగేది కాదు. నేను పుస్తకం ముందు కునికితే, "నువ్వు సదువుతున్నవా, అదే నిన్ను సదువుతున్నదా కొడుకా?" అని దెప్పేది.

ఒక వానాకాలం బీడీల గంపతో కార్ఖానా మెట్ల మీద జారిపడింది. చీలమండ విరిగింది. జగిత్యాల డాక్టరు ఎక్స్‌రే చూసి రెండు దారులు చెప్పాడు. ఎముక జరిగింది కాబట్టి కరీంనగర్ పోయి ఆపరేషన్ చేయించుకోవడం మేలు. కాదంటే తానే సరిచేసి సిమెంటు కట్టు వేస్తాడు. కానీ ఆరు వారాలు పాదం నేలకు ఆనకూడదు, ఆనితే కీలు వంకర పోతుంది. ఆపరేషనే అని నేను పట్టుబట్టాను.

"దినాలు మంచిగ లెవ్వు. నేను దవఖానల పండుకుంటే గీ ఇద్దర్ని ఎవలు సూస్తరు? కట్టే ఎయ్యుండ్రి సారూ, కుదురుగ కూసుంట" అంది పెద్దమ్మ.

దినాలు నిజంగానే బాగాలేవు. పొద్దున గోడ మీద నక్సలైట్ అన్నల రాత కనబడితే సాయంత్రానికి కాలేజీ పిల్లలు ఠాణాలో ఉండేవాళ్లు. కట్టు వేసిన మూడో వారంలో పోలీసులు నన్నూ పట్టుకుపోయారు.

చెల్లె ఇల్లిల్లూ తిరిగిందట, తోడు ఎవరూ రాలేదు. ఠాణాకు అనగానే రిక్షావాడు కూడా రానన్నాడు. పెద్దమ్మ కర్ర పట్టుకుని, ఆ కట్టు కాలుతోనే నడిచి వచ్చింది.

"నా కాలిరిగినకాన్నుంచి నీళ్లు, నిప్పు అన్ని గీ పోరడే సారూ. గోడలకు రాసెటందుకు గీనికి యాడ తీరింది?"

ఎస్సై కూర్చోమన్నా కూర్చోలేదు. పొద్దుగూకేదాకా నిలబడే ఉంది. నన్ను వదిలేశారు.

ఆ గోడ మీద రాసింది నేనే. నా అంగీకి అంటిన ఎర్రరంగును, ముందు రోజే, కూర్చున్న చోటే గ్యాసునూనెతో రుద్ది పోగొట్టింది ఆమే.

కట్టు విప్పేసరికి పాదం బయటికి తిరిగి ఉంది. ఇప్పటికైనా ఆపరేషన్ చేయించుకోవచ్చన్నాడు డాక్టరు. ఆమె ఒప్పుకోలేదు. నేను ఏడ్చాను.

"కాలు వంకర వోతే కుంటుకుంట నడుస్త. నువ్వు వంకర వోతే నేనేం జేద్దు కొడుకా?"

మళ్లీ కుంచె ముట్టలేదు నేను. సిరిసిల్లలో బడిపంతుల్ని అయ్యాను. కోరుట్ల పోయినప్పుడల్లా ఆమె కుంటుతూ ఎదురొచ్చేది, నేను చూపు తిప్పుకునేవాణ్ణి. తప్పయిందని ఒక్కసారీ అనలేకపోయాను. ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది.

నేను చేరేసరికి పెద్దమ్మను చాప మీద పడుకోబెట్టారు. కాళ్ల బొటనవేళ్లు కలిపి దారం కట్టాలి. కుడి పాదం దగ్గరికి రావడం లేదు, ఎన్నిసార్లు కట్టినా దారం జారిపోతోంది. "ఎవలన్న జర పట్టుండ్రి" అన్నారు. నేను కూర్చుని ఆ చీలమండను రెండు చేతులతో పట్టుకుని మెల్లగా లోపలికి తిప్పాను. ముడి పడింది, ఇక విడవమన్నారు. నేను విడవలేదు.