సింహం తోక

ఇంటికొక వీరుడు ఉండే కాలం అది. మా వంతుకు వచ్చినవాడు తాతయ్యకు అన్నగారు, ఆఫ్రికా తాత. తెల్లదొరల హయాంలో ఓడెక్కి దక్షిణాఫ్రికా చెరకుతోటలకు వెళ్ళి, ఏళ్ళ తర్వాత ఒక దొరటోపీతోనూ ఒక సింహం తోకతోనూ తిరిగొచ్చాడు. ఏటి ఒడ్డున సింహం మీదపడితే తోక పట్టుకుని గిరగిరా తిప్పాడట. తోక చేతిలో ఉండిపోయింది, సింహం అవతలి ఒడ్డున పడింది. (జువాలజీలో డిగ్రీ తెచ్చుకున్నాక కూడా నేనిది నమ్మాను. చదువు వేరు, తాత వేరు.)

వేసవి సెలవుల్లో మా ఆట ఒక్కటే. నేను ఆ తోక పట్టుకున్న తాతని, పిన్ని కూతురు సింహం. అందరికంటే చిన్నది కనుక ఎప్పుడూ అదే సింహం. సింహాన్ని దాని తోకతోనే కొట్టడమేమిటని ఎవరికీ తోచలేదు. ఓసారి అరుగు మీంచి చూస్తున్న తాత విసుక్కున్నాడు. "మోచెయ్యి కాదే మొద్దూ, మణికట్టు తిప్పు. వీపు మీదే పడాలి. కాళ్ళ మీద కొడితే రేపు తోటలోకి ఎవడొస్తాడు?" "సింహం తోటపనికి రావడమేంటి తాతా!" అని పడీపడీ నవ్వాం. ఆయన నవ్వలేదు. మజ్జిగ తెమ్మన్నాడు.

తాత పోయాక ఆ తోక కోసం అన్నయ్యతో రెండేళ్ళు మాటలు మానేసి మరీ సాధించాను. ఆవకాయ సీసాల మధ్య కెనడాలోని సర్రీ దాకా మోసుకొచ్చి హాల్లో మేకుకు తగిలించాను. మొన్న పక్కింటి డర్బన్ ఆంటీ మొదటిసారి టీకి వచ్చింది. ఎనభై దాటిన మనిషి. ఆవిడ తాత విశాఖ వైపు నుంచి ఆ తోటలకే కూలికి వెళ్ళినవాడు. కూర్చోబోతూ గోడకేసి చూసి నిలబడిపోయింది.

"ఇదేటమ్మా?"

"సింహం తోక ఆంటీ."

"కుచ్చేదీ?"

"రాలిపోయిందట."

"ఎంట్రుకలో?"

"అవీ..."

"ఇది నీటిగుర్రం తోలు కొరడా తల్లీ. మా తాత ఈపు మీద దీని చారలుండీవి. చిన్నప్పుడు ఏలెట్టి తడిమీవోళ్ళం. కొట్టింది దొర కాదు. పని చేయించే సర్దారు. మనోడే."

నేను ఊరుకుంటానా? "మీ తాతగారు చూసింది వేరే అయ్యుంటుంది" అన్నాను. ఆవిడ టీ ముట్టుకోకుండా వెళ్ళిపోయింది. నా మణికట్టుకు మాత్రం అదేమిటో ఇంకెవరూ చెప్పనక్కర్లేకపోయింది.

దాన్ని గోడ మీంచి దించి, నార్త్ యార్క్‌లో ఉన్న పిన్ని కూతురికి ఫోన్ చేశాను. "అది తోక కాదటే, కొరడాట."

"నాకు తెలుసక్కా. తిన్నది నేను కదా."

"మరి అప్పుడే ఏడవొచ్చుగా!"

"ఏడ్చాను. సింహాలు ఏడవకూడదన్నావు."

నిజమే, అలాగే అన్నాను. రేపు ఆంటీ తలుపు తట్టాలి, ఈసారి నోరు మూసుకుని. ఆ తొమ్మిదేళ్ళ వీరవనిత, అంటే అప్పటి నేను, ఎదురుపడితే నవ్వుతూనే చేతిలోంచి తోక లాక్కునేదాన్ని. ఇచ్చేది కాదనుకోండి. వాదించేది.