మా ఇంటి జపాను చారు

మా చిన్నప్పుడు... విజయనగరంలో మా ఇంటి హాల్లో చాపేసుకుని బాబాయి జపాను కబుర్లు చెబుతుంటే, ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి “ఛీ... ఛీ...” అనుకుంటూ వినేవాళ్ళం. అసహ్యం వేసేది, అయినా అక్కణ్ణుంచి లేచేవాళ్ళం కాదు.

బాబాయి మృదంగం వాయించేవాడు. ఒక నాట్య బృందంతో కలిసి పదిహేను రోజులు జపాను వెళ్ళొచ్చాడు. మాది గుడి సేవ చేసుకునే ఇల్లు... మా మామ్మ, అంటే మా నాన్నగారి అమ్మ, ఉల్లిపాయనైనా ఇంట్లోకి రానిచ్చేది కాదు. కొడుకు సముద్రం దాటిన మైల పోవాలని వీధిలోనే నిలబెట్టి నెత్తిన రెండు బిందెల నీళ్ళు కుమ్మరించింది.

“మగవాళ్ళందరూ ఒకే వేణ్ణీళ్ళ తొట్టిలో కూర్చుంటారమ్మా... ఒంటి మీద నూలుపోగు ఉండదు” అన్నాడు బాబాయి.

“ఛీ! ఒకడి మురికి ఇంకొకడు పూసుకోవడమేటిరా?” అంది మామ్మ. ముందే శుభ్రంగా ఒళ్ళు రుద్దుకుని దిగుతారని అతను ఎంత చెప్పినా వినలేదు.

సేమ్యాలాంటిదేదో గిన్నెలో పోసుకుని, వీధి చివరికి వినబడేలా జుర్రుతారట... ఛీ. చేపని పచ్చిదే కోసి నోట్లో వేసుకుంటారట... అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మరుగుదొడ్డికి విడిగా చెప్పులుంటాయని చెప్పినప్పుడు మాత్రం మామ్మ తలూపింది. “అద్గదీ! ఆపాటి మడి ఉంది వాళ్ళకి” అంది.

బాబాయి అక్కడ రోజూ ఒక చారు తాగి బతికాడట. ఆ చారు పొడి పొట్లాలు డజను తెచ్చాడు. పొట్లం మీద గిన్నె, గిన్నెలో పచ్చటి ఆకులు. “మాంసం ఉందా అని ముగ్గుర్ని అడిగానమ్మా... లేదన్నారు. సముద్రంలో పెరిగే ఆకట” అన్నాడు. వేణ్ణీళ్ళలో కలిపితే ఏదో వాసన గుప్పుమంది. “సముద్రపు ఆకు కదూ... ఆ మాత్రం ఉప్పుగాలి కొట్టదేటి?” అని మామ్మే తీర్పు చెప్పేసింది.

దేవుడికి పెట్టనిదే ఆవిడ ఏదీ నోట పెట్టదు. ముందు వెండి గిన్నెతో నైవేద్యం పెట్టి, తర్వాత తను రెండు గ్లాసులు తాగింది. అలా వారం రోజులు... సాయంత్రమయ్యేసరికి దేవుడికీ మాకూ జపాను చారే.

ఇక పైడమ్మ గురించి చెప్పాలి. ఐదో క్లాసులో మా ఇద్దరిదీ ఒకటే బెంచీ. వాళ్ళమ్మ సంతలో ఎండుచేపలు అమ్మేది. రోజూ లెక్కలు చేసుకోవడానికి మా ఇంటికి వచ్చేది గానీ, గుమ్మం దాకానే. అది మామ్మ పెట్టిన హద్దు. అందులో తప్పుందని నాకెప్పుడూ తోచలేదు.

ఒక సాయంత్రం నా గొప్ప చూపించుకుందామని గ్లాసు నిండా చారు తెచ్చి పైడి చేతిలో పెట్టాను. అది మూతి దగ్గర పెట్టుకుని ఆగిపోయింది. మళ్ళీ వాసన చూసింది. మొహం చాటంత అయింది.

“ఓలమ్మ! మీరూ ఎండుసేపలు తింతారేటి? మరి ఇన్నాళ్ళూ సెప్పవేటే! మా అమ్మ కూడా ఇలాగే పొడి కొడతాది... సూడు, అదే వాసన!”

ఎంత సంతోషమో దానికి... మా ఇల్లూ వాళ్ళ ఇల్లూ ఆ రోజుతో ఒకటైపోయినట్టు నవ్వింది.

ఆ మాట లోపలందరికీ వినబడింది. బాబాయి పొట్లం తిప్పి చూశాడు. వెనక, అడుగున, వేలిగోరంత చేప బొమ్మ. “కంపెనీ గుర్తనుకున్నాను...” అని నీళ్ళు నమిలాడు. వాళ్ళ లెక్కలో చేపంటే మాంసం కాదని ఎవరికి తెలుసు!

ఇక చూడాలి మా ఇల్లు... అమ్మ పెరట్లోకి పరిగెత్తి కుళాయి దగ్గర భళ్ళున కక్కింది. మామ్మ గొంతులో వేళ్ళు పెట్టుకుంది... వారం నాటి చారు ఎక్కణ్ణుంచి వస్తుంది? “దేవుడి నోట కూడా పెట్టించావు కదరా వెధవా!” అని నెత్తి కొట్టుకుంది. బాబాయి పంచగవ్యం తాగి, అదీ కక్కాడు. అందరూ కక్కుతుంటే చూసి నేనూ కక్కాను.

పైడి గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. మామ్మ చూపు దాని మీద పడింది.

“ఇంకా ఏం చూస్తావే? దిగు! నువ్వొచ్చి నిలబడ్డ దగ్గర్నుంచే ఈ ఇంటికి నీచు పట్టింది!”

అది గ్లాసు కింద పెట్టేసి వెళ్ళిపోయింది. అది నిలబడ్డ చోట అమ్మ పసుపునీళ్ళు చల్లింది. మేం తాగిన గ్లాసులన్నీ చింతపండుతో తోమి వంటింట్లో బోర్లించారు. పైడి పట్టుకున్న గ్లాసుని పెంట మీద పారేశారు. తెచ్చింది బాబాయి... దేవుడికి పెట్టింది మామ్మ... మైల మాత్రం ఉన్నమాట చెప్పిన పిల్లకి అంటగట్టారు.

మర్నాడు బళ్ళో పైడి నా పక్కకి జరిగి మెల్లగా అడిగింది.

“నానేటి తప్పు సెప్పినానే? ఉన్నదే కదేటి సెప్పినాను?”

నేను రెండు వేళ్ళతో ముక్కు మూసుకున్నాను. “నీ దగ్గర నీచు కంపు” అన్నాను. సంచీ తీసుకుని వెనక బెంచీకి పోయాను. వారం రోజులు ఆ చేప చారే లొట్టలేసుకుంటూ తాగిన నోటితో! క్లాసంతా నవ్వింది. ఆ ఏడంతా పైడి ఆ బెంచీ మీద ఒక్కతే కూర్చుంది. ఆరో క్లాసులో మరి కనిపించలేదు.

ఇప్పుడు రోజులు మారాయంటారు... మారాయి. మొన్న బాబాయి మనవరాలు విశాఖపట్నంలో ఏదో జపాను హోటల్‌కి వెళ్ళి, అన్నం ముద్దల మీద పచ్చి చేప ముక్కలు పెట్టిన పళ్ళెంతో ఫోన్లో ఫోటో పెట్టింది. మా బంధువులందరూ ఎర్రటి గుండెకాయ బొమ్మలు కొట్టారు. నేనూ కొట్టాను. కొట్టాక నా మీద నాకే రోత పుట్టింది.

మీరూ రాయండి... చిన్నప్పుడు ఎవర్ని చూసి ముక్కు మూసుకున్నారో. కథంతా రాయడానికి నామోషీ అయితే పేరొక్కటి రాయండి, చాలు.

నాది ముందు రాస్తున్నాను... పైడమ్మ.